విశాఖలో ఎంపీ నిధులతో కాలనీకి పని తెచ్చుకోవడం: నా అనుభవం

విశాఖపట్నం లోక్‌సభ సభ్యుడి చేతిలో ఉండే స్థానిక అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. దేశంలో ఏ ఎంపీకైనా అంతే. 1993 డిసెంబరులో పథకం మొదలైనప్పుడు మనిషికి 5 లక్షలిచ్చారు. మరుసటి ఏడాది కోటి చేశారు, 1998-99 నుంచి 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు. అంకె అక్కడే ఆగింది, సిమెంటు, ఇనుము ధరలు ఆగలేదు. ఇందులో 15 శాతం, అంటే 75 లక్షలు ఎస్సీలు ఉండే ప్రాంతాల్లో, 7.5 శాతం, అంటే 37.5 లక్షలు ఎస్టీలు ఉండే ప్రాంతాల్లో ఖర్చు పెట్టాలి. మిగిలిన 3 కోట్ల 87 లక్షల చిల్లరని భీమిలి, విశాఖ తూర్పు, దక్షిణం, ఉత్తరం, పశ్చిమం, గాజువాక, శృంగవరపుకోట అనే ఏడు సెగ్మెంట్లకి సమానంగా పంచినా ఒక్కోదానికి వచ్చేది 55 లక్షలు. ఒక్క జీవీఎంసీలోనే, అంటే విశాఖ మహానగర పాలక సంస్థలోనే 98 వార్డులున్నాయి. కాలనీ సంఘం తరఫున అర్జీ పట్టుకుని వెళ్లేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకుంటే ఎంపీ ఆఫీసులో వాళ్లు ఎందుకు అలా మాట్లాడతారో సగం తెలిసిపోతుంది.

ఆ ఆఫీసుకి అర్జీల కొరత ఎప్పుడూ ఉండదు. కమ్యూనిటీ హాలు కావాలి, సీసీ రోడ్డు కావాలి, శ్మశానానికి ప్రహరీ కావాలి అని కట్టలు కట్టలు పడి ఉంటాయి. కొరతంతా సిఫార్సు చేసిన ఏడాదిలో గ్రౌండ్ అయ్యే, అంటే నేల మీద మొదలయ్యే పనులకే. సిఫార్సు చేశాక స్థలం చిక్కులో పడి ఆగిపోయిన పని ఎంపీకి రెండు విధాల నష్టం: ఆ మొత్తం అక్కడ ఇరుక్కుంటుంది, ఊళ్లో మాట పోతుంది. అందుకని అనుభవమున్న పీఏ ఎవరైనా అర్జీ చదవకముందే అడిగేది ఒకటే: "స్థలం ఎవరిదండీ? ఎస్టిమేట్ ఉందా?" ఈ రెండింటికీ కాగితం చూపించగలిగితే మీ అర్జీ కట్ట పైకి వస్తుంది. లేకపోతే "చూద్దాం సార్" అంటారు. ఆ మాటకి అర్థం మనందరికీ తెలిసిందే.

ఇంకా ముందు తేల్చుకోవలసింది, మీ ఎంపీ ఎవరన్నది. నవ్వకండి, విశాఖలో ఇది నిజంగా తిరకాసే. జీవీఎంసీ ఇంటి పన్ను కట్టే పెందుర్తి వాళ్లు లోక్‌సభకి వచ్చేసరికి అనకాపల్లి నియోజకవర్గం కిందికి పోతారు. జీవీఎంసీలో కలిసిన అనకాపల్లి పట్టణమూ అంతే. శృంగవరపుకోట, కొత్తవలస, లక్కవరపుకోట వైపు వాళ్లు విశాఖ ఎంపీకి ఓటేస్తారు కానీ జిల్లా విజయనగరం. అలాంటి చోట సిఫార్సు విశాఖ ఎంపీదే అయినా పని మంజూరు చేసి, చేయించి, బిల్లు చెల్లించే అధికారం విజయనగరం కలెక్టరుది. ఫైలు విశాఖ మహారాణిపేట కలెక్టరేట్‌లో ఉందనుకుని తిరిగితే చెప్పులరగడమే మిగులుతుంది. ఇక రాజ్యసభ సభ్యులున్నారు. ఆంధ్రప్రదేశ్‌ నుంచి 11 మంది. వాళ్లు రాష్ట్రంలో ఎక్కడైనా పని సిఫార్సు చేయవచ్చు. లోక్‌సభ ఎంపీ కోటా ఆ ఏటికి అయిపోయిందని తెలిస్తే ఇటు ప్రయత్నించాలి. చాలామందికి ఈ దారి తట్టదు.

ఏ పనికి ఇస్తారు, దేనికి ఇవ్వరు అన్నది మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది. ప్రజలందరూ వాడుకునే శాశ్వత ఆస్తి కావాలి. బడి గదులు, తాగునీటి పథకం, రోడ్డు, కాలువ, బస్ షెల్టర్, కమ్యూనిటీ హాలు, శ్మశానంలో షెడ్డు, వ్యాయామ పరికరాలు, వీధి దీపాలు నడుస్తాయి. భూమి కొనడానికి ఇవ్వరు. గుడి, చర్చి, మసీదు ఆవరణలో ఏదీ కుదరదు. వ్యక్తి లబ్ధికి, వ్యాపార సంస్థకి, ఇప్పటికే చేసేసిన పనికి తిరిగి డబ్బు ఇవ్వడానికి కుదరదు. బతికున్నవాళ్ల పేరు కట్టడానికి పెట్టకూడదు. ఎక్కువగా తిరిగొచ్చేది రామాలయం వెనక కల్యాణ మండపం కోసం పెట్టిన అర్జీ. పేరు కమ్యూనిటీ హాలని మార్చినా తాసిల్దారు నివేదికలో సర్వే నంబరు ఎదురుగా దేవాలయం అని ఉంటే అక్కడితో సరి.

స్థలం దగ్గరే ఎక్కువ ఫైళ్లు చస్తాయి. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

కాలనీల్లో అందరూ చూపించేది లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలం. ఆమోదం పొందిన లేఅవుట్‌లో 10 శాతం ఖాళీగా వదిలి దాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకి రాసివ్వాలి. పాత వుడా (నగరాభివృద్ధి సంస్థ) కాలపు లేఅవుట్లు కొన్నిటిలో ప్లానులో ఆకుపచ్చ రంగు ఉంటుంది, రిజిస్టరైన గిఫ్ట్ డీడ్ మాత్రం ఉండదు. అంటే కాగితం మీద ఆ జాగా ఇంకా లేఅవుట్ వేసినాయన పేరునో, ఆయన వారసుల పేరునో ఉంది. జోనల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ వాళ్లని అడిగి ఆమోదిత ప్లాను కాపీ, డాక్యుమెంట్ నంబరుతో గిఫ్ట్ డీడ్ నకలు, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఈసీ (ఆ స్థలం లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఈ మూడూ తీసి పెట్టుకోండి. డీడ్ లేకపోతే ముందు అది చేయించాలి. దానికి నెలలు పట్టినా సరే, అది లేకుండా సిఫార్సు అడగడం దండగ. ఇంకో మెలిక: ప్లానులో పార్కు అని చూపించిన స్థలంలో హాలు కడతామంటే కాలనీలోనే ఎవరో ఒకరు కోర్టుకి వెళతారు, చాలాసార్లు గెలుస్తారు కూడా. పార్కు స్థలంలో నడక దారి, ఓపెన్ జిమ్, పిల్లల ఆట పరికరాలు అడగండి. హాలుకి సామాజిక అవసరాల కోసమని చూపించిన వేరే బిట్టు వెతకండి.

కొండవాలు కాలనీల్లో, అంటే ఆరిలోవ, కంచరపాలెం వెనక వీధులు, తాటిచెట్లపాలెం లాంటి చోట్ల భూమి కొండ పోరంబోకు. రెవెన్యూది. ఇళ్లకి పట్టాలు ఇచ్చి ఉండవచ్చు, దారులకి ఇవ్వరు. అక్కడ మెట్ల దారికైనా, రిటైనింగ్ వాల్‌కైనా (మట్టి జారకుండా ఆపే గోడ) తాసిల్దారు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి. సర్వేయరు వచ్చి స్కెచ్ గీయాలి. ఆ స్కెచ్‌లో గోడ పొడవు మొత్తం ప్రభుత్వ భూమిలోనే ఉందని ఉండాలి. ఒక మూల ఎవరి గదిలోకో పోయిందంటే పని మొదలైన రోజునే గొడవ.

సింహాచలం దేవస్థానం పంచగ్రామాల పరిధిలో, అంటే అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, వెంకటాపురం, చీమలాపల్లిలో హక్కుల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. అక్కడ శాశ్వత కట్టడానికి ఎన్‌వోసీ కోసం కూర్చునే కంటే అదే ఊళ్లో ప్రభుత్వ బడి ఆవరణలోనో, ఇప్పటికే స్థానిక సంస్థ చేతిలో ఉన్న రోడ్డు మీదనో పని అడగడం తెలివైన పని. పోర్టు, రైల్వే, స్టీల్‌ప్లాంటు, నేవీ భూముల పక్కన ఉన్నవాళ్లు సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి. కేంద్ర సంస్థల ఎన్‌వోసీ రాష్ట్ర ఫైలుతో పాటు కదలదు, దాని దారి వేరు. బీచ్ వైపు హై టైడ్ లైన్ (సముద్రపు పోటు చేరే గీత) నుంచి 500 మీటర్ల లోపు కట్టడమంటే తీర నియంత్రణ నిబంధనలు కూడా అడ్డొస్తాయి.

చివరగా 22ఏ జాబితా చూసుకోండి. నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు మొత్తంగా పడి ఉంటే, మీ బిట్టు అందులో ఎందుకు లేదో రెవెన్యూ వాళ్లు రాసివ్వాలి.

ఇక ఎస్టిమేట్. మామూలుగా సిఫార్సు వచ్చాక కలెక్టరేట్ అడిగితే ఇంజినీరింగ్ విభాగం ఎస్టిమేట్ వేస్తుంది. నా సలహా దానికి తలకిందులు: సిఫార్సుకి ముందే వార్డు ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) స్థలం చూపించి ఒక ప్రాథమిక అంచనా వేయించుకోండి. అధికారికంగా ఆయన ఇవ్వాల్సిన పని లేదు. కానీ కొలతలు తీసి, రేట్ల పట్టికతో గుణించి ఒక పేజీ కాగితం ఇవ్వడానికి సాధారణంగా వెనకాడరు. అది లేకుండా వెళితే ఎంపీ ఆఫీసు ఒక రౌండ్ ఫిగర్ వేస్తుంది. 5 లక్షలో, 10 లక్షలో. తరవాత అసలు ఎస్టిమేట్ 11 లక్షల 30 వేలు వస్తుంది. సిఫార్సు చేసిన మొత్తం కంటే అంచనా ఎక్కువైతే మళ్లీ ఎంపీ సమ్మతి కావాలి. లేదా ఆ తేడా వేరే పద్దు నుంచి ఇస్తామని ఎవరో రాసివ్వాలి. ఫైలు వెనక్కి వెళుతుంది. ఎంపీ ఢిల్లీలో ఉంటారు, సమావేశాలు నడుస్తుంటాయి. అంతే, ఆ సీజను పోయినట్టే.

10 లక్షలు మంజూరంటే 10 లక్షల పని జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. వర్క్స్ కాంట్రాక్టు మీద జీఎస్టీ 18 శాతం, కార్మిక సంక్షేమ సెస్ 1 శాతం. ఈ రెండూ తీసేస్తేనే చేతికి మిగిలే పని విలువ 8 లక్షల 40 వేలు. సీనరేజీ (ఇసుక, కంకర లాంటి వాటి మీద ప్రభుత్వ రుసుము), క్వాలిటీ కంట్రోల్ లాంటి చిన్నాచితకా పద్దులు ఇంకా ఉంటాయి. అందుకే మీ అవసరం 10 లక్షల పనైతే అడగవలసింది 12 లక్షలు. ఇది తెలియక స్లాబు వరకే డబ్బు సరిపోయి, తలుపులు, కరెంటు, మరుగుదొడ్డి లేకుండా నిలిచిపోయిన హాళ్లు ఈ నగరంలో కావలసినన్ని చూపించవచ్చు. హాలు ఎస్టిమేట్‌లో మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంకు, నీటి ట్యాంకు, మెయిన్ బోర్డు, ర్యాంపు ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూసుకోండి. చివర్లో "అదనపు పని" అంటే ఎవరూ ఇవ్వరు.

పరిమాణాలు మనమే లెక్కవేసుకోగలం, పెద్ద విద్యేం కాదు. 100 మీటర్ల వీధి, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం సీసీ అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఎస్టిమేట్‌లో అంతకంటే బాగా తక్కువ కనిపిస్తే మందమో, వెడల్పో తగ్గించారన్నమాట. రోడ్డుతో పాటు కాలువ లేకపోతే వద్దనండి. విశాఖ వీధులు వాలుగా ఉంటాయి, నీళ్లు రోడ్డు అంచు కిందకి దూరి మట్టిని కోసేస్తాయి. పక్క కాలువ లేని సీసీ రోడ్డు అంచులు రెండు వర్షాకాలాల్లో తేలిపోతాయి. రిటైనింగ్ వాల్‌కి ఎత్తు పెరిగే కొద్దీ ఖర్చు అంతకంటే వేగంగా పెరుగుతుంది. 3 మీటర్ల ఎత్తు గోడకి అడుగు భాగం వెడల్పు ఒకటిన్నర మీటరు పైనే ఉండాలి, పునాది గట్టి మొరం మీదకి దిగాలి, వీప్ హోల్స్ (వెనక నీళ్లు బయటకి పోయే రంధ్రాలు) మీటరు దూరానికొకటి ఉండాలి, వాటి వెనక కంకర పొర ఉండాలి. కొండవాలున గోడలు పడిపోయేది బరువుకి కాదు, వెనక నిలిచిన నీటి ఒత్తిడికి. ఆ కంకర పొర పైకి కనిపించదు గనక మొదట ఎగ్గొట్టేది దాన్నే.

సముద్రం పక్క కాలనీలకి ప్రత్యేకంగా ఒక మాట. పెదజాలరిపేట, ఎంవీపీ బీచ్ వైపు, భీమిలి తీరం, ఇలాంటి చోట్ల హాలు ఎస్టిమేట్ ఊరి లోపలి హాలు ఎస్టిమేట్‌కి నకలుగా ఉండకూడదు. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీర ప్రాంతంలో తెరిపిన ఉండే కాంక్రీటుకి కనీసం ఎం30 గ్రేడు, ఇనుముకి 45 మిల్లీమీటర్ల కవరు (ఊచల మీద కాంక్రీటు మందం) ఉండాలి. ఎం20 వేసి 25 మిల్లీమీటర్ల కవరు ఇస్తే కొన్నేళ్లకే ఊచలు తుప్పు పట్టి ఉబ్బుతాయి, స్లాబు అడుగు పెచ్చులు రాలుతుంది. ఓపెన్ జిమ్ పరికరాలూ అంతే. మామూలు ఇనుప పైపుకి రంగు వేసి పెడితే ఉప్పుగాలికి రెండేళ్లు ఆగదు. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసి పైన పౌడర్ కోటింగ్ అని స్పెసిఫికేషన్‌లో రాయించండి. అదే రాయకపోతే కాంట్రాక్టరుది తప్పని ఎవరూ అనలేరు. టెండరులో లేనిది ఆయన ఎందుకు ఇస్తాడు?

స్థలం కాగితాలు, ప్రాథమిక అంచనా, సంఘం తీర్మానం, నాలుగు ఫొటోలు, గూగుల్ మ్యాప్ లొకేషన్. ఇవి ఒక ఫైలుగా పెట్టి ఎంపీ ఆఫీసుకి ఇవ్వండి. అర్జీ ఒక పేజీ దాటకూడదు. పని పేరు ఒకే వాక్యంలో, సర్వే నంబరుతో, వార్డు నంబరుతో, పొడవు వెడల్పులతో ఉండాలి. "మా కాలనీ అభివృద్ధి" అని రాస్తే అది పని పేరు కాదు. సిఫార్సులో పని పేరు ఎలా పడిందో మంజూరు ఉత్తర్వులో, టెండరులో, బిల్లులో, శిలాఫలకం మీద అలాగే నడుస్తుంది. ఒక వీధి పేరు తప్పు పడితే దిద్దించడానికి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఇచ్చే కాలం కూడా ముఖ్యం. ఏప్రిల్, జూన్ మధ్య ఇచ్చిన ఫైలుకి ఉండే గిరాకీ ఫిబ్రవరిలో ఇచ్చినదానికి ఉండదు.

సిఫార్సు చేసే హక్కు ఎంపీ ఒక్కరిదే. ప్రతినిధి, పీఏ, పార్టీ ఇన్‌చార్జి సంతకం చెల్లదు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాలు వచ్చాక సిఫార్సు దగ్గర నుంచి చెల్లింపు దాకా ఈసాక్షి అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో నడుస్తోంది. లెటర్‌హెడ్ కాగితం కాలనీలో ఫొటో దిగడానికి బాగుంటుంది గానీ, పోర్టల్‌లో ఎక్కిందా లేదా అన్నదే లెక్క. ఎక్కిందని చెప్పాక ఆ పని నంబరు అడిగి రాసిపెట్టుకోండి. తరవాత ఏ బల్ల దగ్గర అడిగినా నంబరు చెబితే వెతుకుతారు, కాలనీ పేరు చెబితే వెతకరు.

అక్కడి నుంచి ఫైలు కలెక్టరుకి, ఆచరణలో చీఫ్ ప్లానింగ్ ఆఫీసరు సెక్షన్‌కి వెళుతుంది. అందరూ సీపీవో ఆఫీసు అంటారు. అక్కడ చూసేది అర్హత, స్థలం, కోటాలో మిగులు. అర్హత లేదని తేలితే 45 రోజుల లోపు కారణంతో సహా ఎంపీకి చెప్పాలని నిబంధన. పని ఎవరు చేయాలన్నది కూడా కలెక్టరే నిర్ణయిస్తారు, ఎంపీ కాదు. నగరంలో అయితే జీవీఎంసీ ఇంజినీరింగ్, పల్లెల్లో పంచాయతీరాజ్, తాగునీటికి గ్రామీణ నీటి సరఫరా విభాగం, బడి గదులకి విద్యా మౌలిక వసతుల సంస్థ. విభాగం వివరమైన ఎస్టిమేట్ వేస్తుంది. మొత్తాన్ని బట్టి డీఈ, ఈఈ (ఏఈ పైన ఉండే ఇంజినీర్లు) స్థాయిలో సాంకేతిక మంజూరు, కలెక్టరు నుంచి పరిపాలనా మంజూరు రావాలి. ఈ రెండు మంజూర్లూ వేరువేరని గుర్తుంచుకోవాలి. "శాంక్షన్ అయిపోయింది" అని ఎవరైనా అంటే ఏ శాంక్షనో అడగండి.

సంఘం పేరున రిజిస్టరైన సొసైటీ స్థలంలో కట్టమని అడిగేవాళ్లూ ఉన్నారు. సొసైటీకి కనీసం 3 ఏళ్ల వయసు ఉండాలి, ఆడిట్ లెక్కలు చూపాలి, ఆస్తి ప్రజల వాడకానికే అని ఒప్పందం రాసివ్వాలి. స్థానిక సంస్థ భూమి దొరికితే ఆ దారికి పోకపోవడమే సుఖం.

టెండరు దశలో మన చేతిలో ఏమీ ఉండదనుకుంటారు. చూస్తూ ఉండటం ఉంటుంది. కాంట్రాక్టర్లు అంచనా మీద ఇంత శాతం తక్కువకి చేస్తామని వేస్తారు. దాన్నే "లెస్" అంటారు. 10, 12 శాతం లెస్ మామూలే. 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ తేడాకి అదనపు డిపాజిట్ కట్టాలి. ఆ స్థాయి లెస్ పడిన పని దగ్గర మాత్రం రోజూ ఎవరో ఒకరు నిలబడాలి. లెస్‌తో మిగిలిన డబ్బు మీ కాలనీకి రాదు, ఎంపీ కోటాకే తిరిగి జమవుతుంది. ఆ విషయం పీఏకి గుర్తుచేసి అదే వీధి మిగతా ముక్కకి కొత్తగా సిఫార్సు అడిగినవాళ్లు తెలివైనవాళ్లు.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది, అసలు ఎవరూ టెండరు వేయకపోవడం. కొండ మీద 4 లక్షల మెట్ల పనికి సిమెంటు, ఇసుక తలమీద మోయించాలి. పట్టికలో రేటు ఆ మోత కూలీకి సరిపోదు. ఎస్టిమేట్ దశలోనే మోతకి అదనపు లీడు, లిఫ్టు (మోసే దూరానికి, ఎత్తుకి ఇచ్చే రేటు) కట్టించుకోవాలి. బిల్లు ఎప్పుడొస్తుందోనన్న భయం కూడా ఒక కారణం. పోర్టల్ వచ్చాక చెల్లింపు కాంట్రాక్టరు ఖాతాకే నేరుగా పడుతుంది, రాష్ట్ర ఖజానా బిల్లుల వరసలో నిలబడక్కరలేదు. ఈ సంగతి తెలిసిన కాంట్రాక్టర్లు ఎంపీ పనులకి ముందుకొస్తారు.

పని నడిచేటప్పుడు కాలనీవాళ్లు చేయగలిగింది మూడు నాలుగు విషయాలు గమనించడం. ఎస్టిమేట్ నకలు దగ్గర పెట్టుకోండి. ఎవరూ ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. కాంక్రీటు పోసిన రోజు 15 సెంటీమీటర్ల క్యూబులు పోశారా అని చూడండి, 28 రోజుల తరవాత వాటి ఫలితం అడగండి. ఎం20 అయితే చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్లు రావాలి. నీళ్లు పట్టడం దగ్గర మొహమాటం వద్దు. రోడ్డు మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలపడానికి అరపూట పని, అది చేయకపోతే పైపొర పొడి రాలుతుంది. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో పునాది తవ్వించకండి. తవ్విన గోతిలో నీళ్లు చేరి అడుగు మెత్తబడితే పైన ఎంత మంచి కాంక్రీటు వేసినా కుంగుతుంది.

ఏఈ కొలతలు ఎం బుక్‌లో (కొలతల పుస్తకం) ఎక్కిస్తారు, డీఈ తనిఖీ చేస్తారు, ఫొటోలతో బిల్లు పోర్టల్‌లో పెడతారు. ఇక్కడ ఆగేవన్నీ చిన్న కారణాలే. కాంట్రాక్టరు బ్యాంకు ఖాతా పేరు, పాన్ పేరు కలవకపోవడం ఒకటి. పని ముందు తీసిన ఫొటో లేకపోవడం ఇంకొకటి. శిలాఫలకం లేకపోవడం మరొకటి. పథకం పేరు, ఎంపీ పేరు, ఖర్చు, మొదలుపెట్టిన, పూర్తిచేసిన తేదీలతో ఫలకం తప్పనిసరి. పోటీ పడి వార్డు నాయకుల పేర్లన్నీ చెక్కించి అసలు పథకం పేరు మరిచిన ఫలకాలు బోలెడు.

ఎన్నికల కోడ్ విశాఖలో అందరూ అనుకునేదాని కంటే తరచుగా వస్తుంది. 2024 మార్చి 16 నుంచి సార్వత్రిక ఎన్నికల కోడ్, అదే ఏడాది ఆగస్టులో స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక, 2025 ఫిబ్రవరిలో ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నిక. కోడ్ ఉన్నప్పుడు మంజూరై మొదలుకాని పని మొదలుపెట్టకూడదు. నేల మీద మొదలైపోయినది కొనసాగించవచ్చు. కాబట్టి వర్క్ ఆర్డర్ చేతికొచ్చాక మంచి రోజు, శంకుస్థాపన, ముఖ్య అతిథి తీరిక అని వారాలు వాయిదా వేయడం అంత ప్రమాదం ఇంకోటి లేదు. కొబ్బరికాయ తరవాత కూడా కొట్టవచ్చు.

ఎంపీని అడగవలసినవి ఈ 5 కోట్లలో ఇమిడేవే కాదు. ఫ్లైఓవర్, రైల్వే అండర్‌బ్రిడ్జి, ఫిషింగ్ హార్బర్ విస్తరణ లాంటివి కేంద్ర మంత్రిత్వ శాఖల బడ్జెట్ నుంచి రావాలి. దక్షిణ కోస్తా రైల్వే జోన్ 2019 ఫిబ్రవరిలో ప్రకటిస్తే, విశాఖలో ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది. ఆ కాలాన్ని బట్టే ఆ దారి ఎంత పొడవో తెలుస్తుంది. అక్కడ ఎంపీ ఆయుధాలు వేరు: లోక్‌సభలో 377 నిబంధన కింద ప్రస్తావన, ప్రశ్నోత్తరాల్లో ప్రశ్న, పద్దుల మీద చర్చ, బడ్జెట్‌కి ముందు మంత్రిని కలిసి ఇచ్చే వినతి. కాలనీ సంఘాలు ఇందులో ఇవ్వగలిగింది సమాచారం. రైల్వే గేటు దగ్గర రోజుకి ఎన్నిసార్లు, ఎంతసేపు ట్రాఫిక్ ఆగుతోందో పది రోజుల పట్టిక రాసిస్తే, అది సభలో చదవడానికి పనికొస్తుంది. వంద సంతకాల వినతిపత్రం కంటే దానికే విలువ. కంపెనీల సీఎస్‌ఆర్, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చు ఇంకో దారి. పోర్టు, హెచ్‌పీసీఎల్, ఎన్‌టీపీసీ సింహాద్రి లాంటి సంస్థలు తమ చుట్టుపక్కల ఊళ్లకే మొదటి ప్రాధాన్యం ఇస్తాయి. మల్కాపురం, పరవాడ వైపు వాళ్లు హాలుకి ఎంపీ నిధి, అందులో కుర్చీలకి, ఫ్యాన్లకి సీఎస్‌ఆర్ అని విడగొట్టి అడగడం మంచిది.

ఇక పని పూర్తయ్యాక. నిర్వహణకి ఎంపీ నిధిలోంచి రూపాయి రాదు. మంజూరుకి ముందే వాడుకునే సంస్థ నిర్వహణ బాధ్యత తనదని రాసివ్వాలి, చాలామంది చదవకుండా సంతకం పెట్టే కాగితం అదే. హైమాస్ట్ దీపం అయితే ఈపీడీసీఎల్ (కరెంటు పంపిణీ సంస్థ) సర్వీసు కనెక్షన్ స్థానిక సంస్థ పేరున తీసుకోవాలి. కాలనీ సంఘం పేరున తీస్తే బిల్లు జీవితాంతం సంఘానిదే. ఆర్వో ప్లాంటు అయితే మెంబ్రేన్ (నీళ్లు వడకట్టే పొర) రెండు మూడేళ్లకి మార్చాలి, బయటకి పోయే ఉప్పునీళ్లకి కాలువ చూపాలి, తీరం దగ్గర బోరులో లవణాలు ఏటికేడు పెరుగుతాయని ముందే అనుకోవాలి. క్యానుకి 5 రూపాయలో, 10 రూపాయలో తీసుకుని వేరే ఖాతాలో వేసుకోని ప్లాంటు మొదటి మెంబ్రేన్‌తోనే మూతపడుతుంది. హాలుకి అద్దె నిబంధనలు, తాళం ఎవరి దగ్గర, ఏ కార్యక్రమాలకి ఇవ్వరు అన్నది ప్రారంభానికి ముందే తీర్మానం రాసి పెట్టుకోండి, ప్రారంభమయ్యాక ఎవరూ ఒప్పుకోరు.

కాంట్రాక్టరు డిపాజిట్‌లో కొంత డిఫెక్ట్ లయబిలిటీ గడువు (పనిలో లోపాలు ఆయనే సరిచేయాల్సిన కాలం) ముగిసేదాకా విభాగం దగ్గరే ఉంటుంది, గడువు సాధారణంగా 2 ఏళ్లు. అది ముగియడానికి రెండు నెలల ముందు కాలనీ అంతా ఒకసారి తిరిగి పగుళ్లు, కారుతున్న స్లాబు, ఊడిన టైల్స్, పనిచేయని దీపాలు ఫొటోలు తీసి, పని నంబరు వేసి, ఈఈకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. గడువు దాటాక ఇస్తే డబ్బు వెళ్లిపోయి ఉంటుంది, కాంట్రాక్టరు ఫోను ఎత్తడు.